మామిడి కింద పూలమడి

శనివారం పొద్దున క్లోవిస్ రంపం మనిషిని వెంటబెట్టుకుని వస్తున్నాడట. లెబర్ట్ ఇంటి ముందరి మామిడిచెట్టు మధ్యాహ్నానికల్లా నేల మీద పడుకుంటుందట. ఈ మాట రొట్టెల బండివాడు మిస్ వెరోనాతో అన్నాడట. వాడికి కింద మలుపు దగ్గర దుకాణం ఆవిడ చెప్పిందట. ఆవిడకెవరు చెప్పారో వెరోనా అడగలేదు. అడిగితే మాటకి రుచి తగ్గుతుంది. బుధవారం తెల్లారీ తెల్లారకముందే కంచె మీద మోచేతులు ఆనించి, "నేను చెప్పానని ఎక్కడా అనకు" అని మొదలుపెట్టి, మొత్తం ఐసోలిన్ చెవిలో ఒంపేసింది.

"అక్కడ సిమెంటు పోసి తిండికొట్టు పెడతాడట. బోర్డు కూడా రాయించాడట, క్లోవిస్ చల్లని నీడ అని."

"చెట్టు కొట్టేసి నీడెక్కణ్ణించి తెస్తాడు?" అంది ఐసోలిన్.

"రేకులేస్తాడు కాబోలు."

ఐసోలిన్ పళ్ళ సందున గాలి పీల్చి చప్పుడు చేసింది. నాలుగు తిట్లు తిట్టే బదులు ఆ కొండ మీద ఆడవాళ్ళకి ఆ చప్పుడొకటి చాలు. చేతిలో పుల్లల చీపురు మాత్రం ఆగలేదు. చెట్టు కింద నేల యాభై ఏళ్ళుగా ఆవిడే ఊడుస్తోంది. ఒక్క ఆకు నిలవనివ్వదు. చీపురు గీతలు విసనకర్రలు పరిచినట్టు వరసగా పడతాయి. ఊడ్చి ఊడ్చి మట్టి బండలా బిగుసుకుపోయింది, మామిడి వేర్లు ముసలిచేతి నరాల్లా పైకి తేలాయి. ఐసోలిన్ వాకిట్లో అన్నం నేల మీద వడ్డించుకు తినొచ్చని ఊళ్ళో పేరు.

ఆ పేరే కొంప ముంచింది. మొన్న ఆదివారం చర్చి బట్టల్లోనే వచ్చి, క్లోవిస్ సరిగ్గా అక్కడ నిలబడి బూటు మడమతో నేలని తన్ని చూశాడు. "ఎంత గట్టిగా ఉందో. సగం పునాది నువ్వే వేసిపెట్టావు" అన్నాడు. ఐసోలిన్ నోరు తెరవబోతే, "నువ్వాగు. నీ బొడ్డుతాడు ఈ మట్టిలో లేదు. చీపురు పట్టుకున్న ప్రతివాళ్ళకీ మాట ఉంటుందా?" అన్నాడు.

నిజమే, లేదు. ఏడేళ్ళప్పుడు లెబర్ట్ భార్య కొండ అవతల నుంచి తెచ్చి పెంచుకున్న పిల్ల ఐసోలిన్. లెబర్ట్‌ది మాత్రం అక్కడే ఉంది. ఆయన పుట్టిన తొమ్మిదో నాడు బొడ్డుతాడు పాతిపెట్టి, దాని మీద మామిడి టెంక నాటారు. మనిషికీ చెట్టుకీ ఒకటే వయసు, ఎనభై నాలుగు. అట్లాంటి మనిషి ఆదివారం తమ్ముడి కొడుకు చెప్పిందంతా వింటూ పెండలం తొక్క తీసుకుంటూ కూర్చున్నాడే గానీ, ఔననలేదు, కాదనలేదు. క్లోవిస్ మాట కన్నా ఆ తొక్క తీయడం ఐసోలిన్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడ చీపురు ఆపి నేల వంక చూసింది.

"ఖాళీగా కనిపించింది కనకనే వాడి కన్ను పడింది" అంది.

అది ఇంటి నేల. వంశంలో పుట్టిన ప్రతివాడికీ అందులో హక్కుంది, అమ్ముకునే హక్కు ఏ ఒక్కడికీ లేదు. ఖాళీగా ఉన్నచోట ఎవడైనా గుంజ పాతుకోవచ్చు. ఇంకొకడు నాటిందాన్ని మాత్రం, నాటినవాళ్ళు బతికున్నన్నాళ్ళూ ఎవడూ పీకకూడదు. మామిడి నాటినవాళ్ళు ఎప్పుడో పోయారు. కాగితం మీద లేకపోయినా ఆ కట్టుబాటు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"నాటుతాను. చెట్టు చుట్టూ పూలమడి వేస్తాను."

"మామిడి కింద గడ్డే మొలవదు, పూలా?" వెరోనా నవ్వింది. "అయినా నువ్వు నాటితే క్లోవిస్..." అని నాలుక కరుచుకుంది.

"నేను నాటితే?"

"ఏం లేదు. మా కంచె నిండా క్రోటన్ ఉంది, కావలసినన్ని కొమ్మలు కోసుకో."

ఎండెక్కేసరికి ఐసోలిన్ గడ్డపలుగు తెచ్చి మొదటి దెబ్బ వేసింది. పలుగు ఖంగుమని వెనక్కి ఎగిరింది. రెండో దెబ్బకి వేరు మీద తెల్లటి గాటు పడింది. ఇట్లా లాభం లేదని, కోళ్ళ దొడ్డి వెనక ఉన్న మట్టిగుట్టని తట్టలో ఎత్తి మోసుకురావడం మొదలుపెట్టింది. అరుగు మీద కుర్చీలో కూర్చున్న లెబర్ట్ మూడో తట్ట దాకా ఊరుకున్నాడు.

"ఆ మట్టంతా ఎక్కడికి?"

"మొదలు చుట్టూ మోకాలెత్తు పోసి, రాళ్ళు పేర్చి, అందులో మొక్కలు పెడతాను."

"నన్ను కూడా అట్లాగే మెడదాకా పూడ్చి చూడు, ఎన్నాళ్ళు ఊపిరి తీస్తానో."

"ఇప్పుడు లేచిందే నోరు. ఆదివారం ఏమైంది డాడా?"

"ఆదివారం పన్ను నొప్పి."

"నీకున్నవి రెండు పళ్ళు."

"ఆ రెండూ నొప్పే." చేతికర్రతో చెట్టు మొదలు చూపించాడు. "బెరడుకి మట్టి తగలనివ్వకు, కుళ్ళిపోతుంది. వేరు నరకొద్దు. రెండు వేర్ల మధ్య ఎక్కడ మెత్తగా ఉందో వెతుక్కుని, అక్కడే గుప్పెడు గుప్పెడు తియ్యి. పలుగుతో కాదు. గరిటెతో."

"గరిటెతోనా? ఏ సంవత్సరం శనివారానికి పూర్తవుతుంది?"

పెద్దాయన టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిద్రపోతున్నట్టు నటించాడు. ఐసోలిన్ తిట్టుకుంటూనే వంటింట్లోకెళ్ళి సూపు గరిటె తెచ్చింది.

*

గురువారం పొద్దున ఇంటి వెనక వాగుగట్టు దిగింది. ఎందుకంటే గరిటెతో తీసే గుంటల్లో తిరిగి నింపడానికి ఆ బండమట్టి పనికిరాదు. యాభై ఏళ్ళు ఊడ్చిన ఆకంతా తను ఈ గట్టు మీద నుంచే కిందికి పారేసింది. మోకాళ్ళ మీద వంగి పై పొర పక్కకి లాగితే, కింద నల్లగా, కాఫీపొడిలా పొడిపొడిలాడుతూ మట్టి. ఇంకా లోపలికి చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా ఉంది. వానపాములు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. వాసన చూసింది. మామిడాకు వాసన పోయి, వాన పడ్డ సాయంత్రం వాసన వచ్చింది.

"దీని సొత్తు దీనికే మోసుకొస్తున్నా" అని పైకొచ్చి మొదటి బుట్ట దింపుతూ చెప్పింది. లెబర్ట్ చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, నాలుక చివర పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఉప్పు తగ్గింది" అన్నాడు.

పదకొండు బుట్టలు మోసింది. నడుము పట్టేసింది గానీ మనసు మాత్రం చిన్నప్పుడు వాగులో దిగినట్టుంది. గరిటె మొనతో నేల తడుముకుంటూ చెట్టు చుట్టూ మోకాళ్ళ మీదే సగం దాకా తిరిగింది. ఇక్కడ వేరు, అక్కడ వేరు, ఇంకోచోట వేరు మీద వేరు. తూర్పు వైపుకి వచ్చేసరికి రెండు పెద్ద వేర్లు మొదట్లో కలిసి, ఆపైన విడిపోయి, పక్కపక్కనే పట్టాల్లా సాగిపోయాయి. వాటి మధ్య గరిటె దిగబడింది. మెత్తటి నేల. పొడుగు ఆరడుగుల పైమాటే, వెడల్పు రెండున్నర. ఐసోలిన్‌కి ఈలవేయాలనిపించింది. వేసింది కూడా.

"ఈల వేస్తే పాములొస్తాయి" అన్నాడు లెబర్ట్.

"వస్తే క్లోవిస్‌ని కరవమని చెప్పు."

మట్టి నింపింది. మధ్యలో రంగుల చేమ దుంపలు, లిల్లీ గడ్డలు, పక్కన ఫెర్న్ పిలకలు. ఎండ పొడ పడే నాలుగు మూలలా వెరోనా కంచె నుంచి కోసుకొచ్చిన క్రోటన్ కొమ్మలు, ఎరుపూ పసుపూ కలిసినవి, ఒక్కో మూల ఒక్కోటి గుచ్చి బొటనవేలితో చుట్టూ నొక్కింది. వేర్ల అంచున వాగురాళ్ళు వరసగా పేర్చి సున్నం పూసింది. చివరికి చెంబుతో నీళ్ళు, పిల్లి నెత్తిని చేత్తో నిమిరినంత మెల్లగా. దూరం జరిగి నడుం మీద చేతులేసుకుని చూసుకుంటే, ఆ నల్లటి నీడలో రంగులు దీపాలు పెట్టినట్టున్నాయి.

కంచె అవతల వెరోనా బట్టలారేస్తూ ఒక్కసారి ఇటు చూసింది. చేతిలో దుప్పటి అట్లాగే ఆగిపోయింది. గుండె మీద చెయ్యేసుకుంది. ఐసోలిన్ అది మెప్పుదల అనుకుని చెయ్యి ఊపింది. వెరోనా ఊపలేదు. గబగబా చెప్పులేసుకుని రోడ్డు దిగిపోయింది.

*

శుక్రవారం మొదట వచ్చినవాడు వడ్రంగి మాస్ ఒబడయా. ఆ కొండ మీద పెద్దవాళ్ళ పేరుకి ముందు మర్యాదగా మాస్ చేరుస్తారు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, పూలమడి దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత అరుగు దగ్గరికొచ్చి లెబర్ట్‌ని తల నుంచి పాదాల దాకా ఒకసారి, పాదాల నుంచి తల దాకా ఇంకోసారి చూశాడు.

"ఏంట్రా అట్లా చూస్తావు?"

"ఏం లేదు మాస్ లెబర్ట్. కాస్త పొట్టయినట్టున్నావు."

తర్వాత చర్చి ఆడవాళ్ళు ముగ్గురొచ్చారు, పెద్ద గిన్నెలో మొక్కజొన్న జావ తీసుకుని. వాళ్ళ వెనక ఒకాయన డామినోల బల్ల నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఇంకెవరో కాల్చిన సీమపనసలు తెచ్చారు. నాలుగు కొట్టేసరికి వాకిట్లో పాతికమంది. అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు, మెల్లగా నడుస్తున్నారు. ప్రతివాళ్ళూ ముందు మడి దగ్గరికెళ్ళి తలాడిస్తున్నారు. ఐసోలిన్ మడి పక్కనే గర్వంగా నిలబడి వచ్చినవాళ్ళకి దారిచ్చింది. నాలుగు మొక్కలు పెడితే ఊరు ఊరంతా చూడవస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

"చక్కగా చేశావమ్మా" అంది జావ తెచ్చిన వాళ్ళలో పెద్దావిడ. "ఒక్క చేత్తో చేశావా?"

"గరిటెతో చేశాను."

ఆవిడ కళ్ళొత్తుకుంది. "తూర్పు వైపే పెట్టావు, మంచిది."

"పొద్దుటి ఎండ కావాలి కదండీ."

"అవునమ్మా, అవును. చివరి రోజున సూర్యుడి వైపే లేవాలి."

అదేం మాటో ఐసోలిన్‌కి అర్థం కాలేదు. పెద్దావిడ పాట అందుకుంది, నెమ్మదిగా సాగే చర్చి పాట. మిగతావాళ్ళు గొంతు కలిపారు. ఇంతలో లెబర్ట్ కర్ర తాటించుకుంటూ అరుగు దిగొచ్చి, "చేపలు వేగుతున్న వాసనొస్తోంది, నాకొకటి పట్రండి" అన్నాడు.

పాట మధ్యలో తెగింది.

"నువ్వు లేచావేంటి మాస్ లెబర్ట్?" అంది వెరోనా, గొంతు సన్నగా చేసుకుని.

"పడుకుంటే కదా లేవడానికి."

పాతికమందీ ఆయన్ని చూశారు. ఆ తర్వాత వెరోనాని చూశారు. వెరోనా ఐసోలిన్ మోచెయ్యి పట్టుకుని చెట్టు చాటుకి లాగింది.

"నా పరువు తీశావు కదా. ఆయన రేపో మాపో అన్నట్టున్నాడని ఊరంతా చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"నువ్వు గుర్తు పెడితే చెప్పనా? నాలుగు మూలలా క్రోటన్, తెల్లరాళ్ళు, ఆరడుగుల పొడుగు, కాళ్ళు తూర్పుకి. సమాధికి తప్ప అట్లా ఎవరు పెడతారే? నా కంచె కొమ్మలే అడిగి మరీ తీసుకున్నావు."

ఐసోలిన్ మడి వంక తిరిగింది. అప్పటిదాకా ఆవిడ చూసింది వేర్లని, చెమ్మని, ఎండ పొడని. ఇప్పుడు మొదటిసారి ఊళ్ళోవాళ్ళ కళ్ళతో చూసింది. చర్చి వెనక వరసగా ఉన్నవాటి పక్కన దీన్ని తీసుకెళ్ళి పెడితే తేడా తెలీదు. క్రోటన్‌కి ఆ నాలుగు మూలలూ దేనికో ఈ కొండ మీద పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. తనకీ తెలుసు. రెండు రోజులు దాని మీద మోకాళ్ళేసుకుని కూర్చుని కూడా తోచలేదు. ముఖం వేడెక్కింది. తర్వాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని ఏప్రన్ కొస నోట్లో కుక్కుకుంది గానీ లాభం లేకపోయింది. వెరోనా కాసేపు బిర్రబిగుసుకుని, తను కూడా చెట్టుకి ఆనుకుని పడీ పడీ నవ్వింది.

సంగతి తెలిసి లెబర్ట్ ఎంత నవ్వాడంటే దగ్గొచ్చింది. దగ్గుతుంటే ఒబడయా మళ్ళీ ఎత్తు చూశాడు.

"క్షమించు డాడా, ఇప్పుడే పీకేస్తాను" అని ఐసోలిన్ మూలన ఉన్న కొమ్మ మీద చెయ్యేసింది.

"వదులు. వేరు పట్టేటప్పుడు మొక్కని కదిలించకూడదు." పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి మడిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చాలాసేపు చూశాడు. ఆ తర్వాత జనం వైపు తిరిగి, "వండింది వండారు. నేను చావలేదని తినకుండా పోతారా?" అన్నాడు.

ఎవరూ పోలేదు. జావ అయిపోయింది, చేపలు అయిపోయాయి, ఎవరో మేకతలకాయ సూపుకి పొయ్యి రాజేశారు. నెమ్మది పాట పక్కకి పోయి చప్పట్ల పాటలొచ్చాయి. ఐసోలిన్ తనని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఏ గడ్డ ఎక్కడుందో, ఏది ఎప్పుడు పూస్తుందో చూపించింది. దీపాలు పెట్టే వేళకి జనం కదిలారు, గిన్నెలు పొద్దున తీసుకెళ్తామని.

*

శనివారం గిన్నెల కోసం వచ్చినవాళ్ళు మిగిలిన సూపు తాగుతుండగా క్లోవిస్ ట్రక్కు వచ్చి ఆగింది. రంపం మనిషి ఫిట్జీ ముందు దిగాడు. భుజాన రంపంతో నాలుగడుగులు వేసి, మడి చూసి, టక్కున టోపీ తీసేశాడు.

"చెట్టన్నావు. సమాధి ఉందనలేదు" అన్నాడు.

"సమాధేంటి? ఎవరిది?" క్లోవిస్ చుట్టూ చూశాడు. "అదిగో మనిషి, సూపు తాగుతున్నాడు."

"గుర్తు పెట్టిన చోట నేను రంపం తియ్యను. సమాధి కదిపితే కీడు ఇంటిదాకా వస్తుంది, ఇంట్లో మా అమ్మ ఉంది."

క్లోవిస్ మడి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. మూర్ఖుడు కాదు. కొత్తగా సున్నం పూసిన రాయి మీద వేలు పెట్టి, తెల్లబడ్డ వేలు చూసుకున్నాడు. ఐసోలిన్ గోళ్ళ కింద నల్లమట్టి చూశాడు.

"నువ్వు చెప్పు. అబద్ధం వద్దు. ఇది సమాధికి పెట్టిన గుర్తా, పూలమడా?"

గిన్నెల చప్పుడు ఆగింది. వెరోనా గిన్నె చాటునుంచి కళ్ళు పెద్దవి చేసి, పెదాలు కదుపుతూ, సమాధి అనవే, అని బతిమాలుతోంది. ఒక్క మాట. ఆ ఒక్క మాటతో చెట్టు నిలుస్తుంది. ఐసోలిన్ నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట అంటే పదకొండు బుట్టల మట్టి, రెండు రోజుల గరిటె, ఇవేవీ తనవి కాకుండా పోతాయి. తనేదో చావుపని చేసిపెట్టిన పనిమనిషయిపోతుంది, మళ్ళీ.

"పూలమడే" అంది. "నేను నాటాను. వేర్లు అట్లా ఉన్నాయి కనక అట్లా కుదిరింది."

వెరోనా తల పట్టుకుంది.

"విన్నావుగా ఫిట్జీ? ఇది నాటిందట." క్లోవిస్ నవ్వాడు. "ఇది నాటితే నాటినట్టు కాదు. ఈ మట్టిలో దీనిదంటూ ఏమీ లేదు. కానియ్, ఎండెక్కుతోంది."

ఫిట్జీ ఐసోలిన్ వంక చూడకుండా టోపీ పెట్టుకుని, రంపం దించి, దాని ఇంజను లాగే తాడు చేతికి చుట్టుకున్నాడు. ఐసోలిన్ కదల్లేదు. మడికీ రంపానికీ మధ్య ఎప్పుడొచ్చి నిలబడిందో ఆవిడకే తెలీదు.

లెబర్ట్ చెంచాని గిన్నెలో పెట్టి, గిన్నెని అరుగు మీద పెట్టి, మూతి తుడుచుకుని, ఒక్కో మెట్టే దిగాడు. వాకిలి దాటడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పట్టలేదు, ఆయన పట్టనివ్వడు.

"నిన్న మధ్యాహ్నం దాకా పూలమడే" అన్నాడు. "సాయంత్రం చూసుకున్నాను. నాకు నచ్చింది. నేనిక్కడే పడుకుంటాను."

"కొలత సరిపోతుంది. నిన్ననే చూశాను" అన్నాడు ఒబడయా వెనకనుంచి.

ఫిట్జీ చేతికి చుట్టుకున్న తాడు విప్పేసి, రంపం భుజానికెత్తుకుని ట్రక్కు దగ్గరికి నడిచాడు.

"అంకుల్, ఈ మాట ఆదివారం చెప్పొచ్చు కదా" అన్నాడు క్లోవిస్.

"ఆదివారం ఈ చోటు లేదుగా. మా పిల్ల మొన్ననే కదా చేసిపెట్టింది." కర్రతో చెట్టుకి అవతలి పక్క చూపించాడు. "అటు ఇంకో రెండు వేర్ల మధ్య ఇంత నేలే ఉంది. అది ఐసోలిన్‌ది. దాని ఇష్టమొచ్చింది నాటుకుంటుంది, ఇష్టమొచ్చినప్పుడు పడుకుంటుంది. అందరూ విన్నారు కదా?"

విన్నామన్నట్టు గిన్నెలు కదిలాయి. ఐసోలిన్ వంగి, నిటారుగానే ఉన్న క్రోటన్ కొమ్మని ఇంకాస్త నిటారుగా నిలబెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు మరి.

క్లోవిస్ ముఖం ఎర్రబడింది. "ఈ వంశంలో పుట్టినవాణ్ణి నేను. పక్క కొండ నుంచి వచ్చినదానికి చోటిచ్చావు. మరి నాకేదీ?"

లెబర్ట్ అతన్ని పాదాల నుంచి తల దాకా, ఒబడయా చూసినట్టే, నింపాదిగా చూశాడు.

"నీకంత తొందరైతే చెప్పు, నాది ఇచ్చేస్తాను."